కొంగలకు పెద్దమ్మ ఉండదు

మగకొంగ వచ్చి వాలింది. వాలిందో లేదో ఐదు పిల్లలూ మెడలు సాచి దాని ఎర్రటి పొడుగు ముక్కు మీద పడ్డాయి, అటొకటి ఇటొకటి పట్టుకుని లాగుతున్నాయి, తెచ్చిందేదో ముందు దించు, కబుర్లు తరవాత అన్నట్టు, అది మెడ కిందికి వంచి ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి గొంతులో దాచుకొచ్చిన చేపల్ని గూటి నడుమ గుమ్మరించింది, ఇక ఎవరి నోరు వాళ్ళది, తోసుకున్నాయి, తొక్కుకున్నాయి, ఒకదాని నోట్లోది ఇంకొకటి లాక్కుంది, చూస్తుండగానే గూడు ఊడ్చిపెట్టినట్టయింది. ఒక్కదాన్నీ బతిమాలలేదు ఆ కొంగ. ఒక్కదానికీ కాకమ్మ కథ చెప్పలేదు. ఇదే ఆఖరి ముద్ద అని అబద్ధమాడి ఇంకో నాలుగు కుక్కలేదు. మంచం మీద గోడకు చేరగిలబడి, దిండుకు ఫోను ఆనించి, ఎక్కడో చెట్టు మీది గూటికి పెట్టిన కెమెరా చూపించేదాన్ని ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని చూస్తున్న పళ్ళావిడకు ఒళ్ళు మండిపోయింది. రెండో చెవి ఖాళీగానే ఉంచుకుంది. ఆ చెవి వంటింట్లో ఉంది. "ఏదీ, ఆ అను... ఇంకా పెద్దగా... అమ్మో, ఏనుగు కూడా పట్టేస్తుందే ఈ నోట్లో!" అని చెల్లెలి గొంతు, దాని వెంటనే పిల్ల నవ్వు, నోటి నిండా అన్నం పెట్టుకుని నవ్వే తడి నవ్వు. మింగి నవ్వవే, పొలమారుతుంది అని అరుద్దామనుకుంది. అరవలేదు. చెల్లెలే అంది ఆ మాట, అచ్చం అదే మాట, ఆమె నోట్లోంచి దొంగిలించినట్టు.

పళ్ళావిడ అంటే అరటిపళ్ళూ బత్తాయిపళ్ళూ అమ్మే మనిషి కాదు, పళ్ళ సెట్లు చేసే మనిషి. ఆమె ఇల్లెక్కడని అడిగిన కొత్తవాళ్ళకు వీధిలోవాళ్ళు పళ్ళబండి చూపించడం, వాళ్ళు అక్కడ డజను కొనుక్కుని మరీ రావడం చాలాసార్లు జరిగింది. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు, ఆమె దాంట్లో ప్లాస్టరు పోస్తుంది, మైనం దిద్దుతుంది, పన్ను పక్కన పన్ను పేరుస్తుంది, చిగుళ్ళ రంగు కుదిరేదాకా ఊరుకోదు. చుట్టుపక్కల ముసలివాళ్ళు సగం మంది ఆమె పుణ్యాన నములుతున్నారు. ఇంతమందికి తిండి దారి చూపించిన చెయ్యి సొంత కూతురి నోటికి చేదైంది. మొన్న పెట్టబోతే పెదాలు బిగించింది. నిన్న పెట్టబోతే తల అడ్డంగా తిప్పి, ఎంతో మర్యాదగా, పరాయింటివాళ్ళు కాఫీ ఇస్తే వద్దనే మర్యాదతో, "వద్దు పెద్దమ్మా" అంది. వద్దు అన్నందుకు కాదు. ఆ రెండో మాట ఉంది చూశారా, అది. చెల్లెలు అమ్మట. తనేమో అమ్మకు అక్కట. అమ్మ అక్కను పెద్దమ్మ అనే కదా అంటారు ఎవరైనా. పిల్ల లెక్కలో తప్పేం లేదు, మొదటి అంకె ఒక్కటే తప్పు.

కొంగ మళ్ళీ ఎగిరిపోయింది. పిల్లలు గూటిలో కూలబడ్డాయి, తెల్లటి నూగు ఒళ్ళు, తిని బరువెక్కిన పొట్టలు, వాటిలో అన్నింటికంటే చిన్నది మాత్రం ఖాళీ గూటిని ఇంకా పొడుస్తోంది, పుల్లల సందున ఏమైనా మిగిలిందేమోనని. నిన్న పొద్దున పోయిన ఆడకొంగ ఇంకా రాలేదు. ఫోను తెర పక్కన చూసేవాళ్ళు రాసే మాటలు జరజరా పైకి పోతున్నాయి, పాపం తల్లి ఏమైందో, కరెంటు తీగలు తగిలిందేమో, తల్లి లేని పిల్లలు ఏమైపోతాయో, ఒకాయన అయితే రాత్రంతా నిద్రపోలేదని రాశాడు. ఎవరి కోసమయ్యా నీ ఏడుపు? పిల్లలు సుబ్బరంగా తింటున్నాయి, కనబడటంలేదా? ఒకటి పోతే ఇంకొకటి తెస్తోంది, వాటికి చేప ముఖ్యం, చేప తెచ్చిన ముక్కు ఎవరిదైతేనేం. పళ్ళావిడ ఆ మాట రాద్దామని వేలు పెట్టి, వెనక్కి తీసుకుంది. ఆ ఆడకొంగ రాకపోతే బాగుండుననిపించింది ఆమెకు. ఛీ అనుకుంది. అనుకుని మళ్ళీ అదే కోరుకుంది. వచ్చినా పిల్లలు గుర్తుపట్టకపోతే బాగుండును, ఎవరు నువ్వు అని పొడిచి తరిమితే ఇంకా బాగుండును, అప్పుడు లోకంలో ఇద్దరమవుతాం.

"నీళ్ళు తాగుతావా? బొమ్మ గ్లాసా, మామూలు గ్లాసా?" బొమ్మ గ్లాసు. పిల్ల చెప్పకముందే ఆమె లోపల చెప్పేసింది, కానీ బొమ్మ గ్లాసని ఆమెకు తెలిసింది ఈమధ్యనే, అదీ వింటూ వింటూ తెలిసింది, గోడ ఇవతల కూర్చుని. తన పిల్ల గురించి ఆమెకు తెలిసినవన్నీ గోడ ఇవతల తెలిసినవే. అంతకుముందు ఆస్పత్రి అద్దం ఇవతల. అంతకుముందు ఫోను ఇవతల. ఊపిరితిత్తుల జబ్బు మామూలుది కాదు, మందులకు లొంగని రకం, ఇంట్లో పసిపిల్ల ఉందా అయితే ఒక్క గంట కూడా ఉండకండి అన్నాడు డాక్టరు, చంకలో పిల్లను చెల్లెలి చేతుల్లో పెట్టి, ముద్దైనా పెట్టుకోకుండా, నోటికి గుడ్డ కట్టుకుని ఆస్పత్రి బండెక్కింది. పాలు రెండు మూడు వారాలు వచ్చాయి, ఎవరికోసమో తెలియక. తరవాత వాటంతటవే ఇంకిపోయాయి. పుస్తకాలు కుట్టే పని చేసుకునే చెల్లెలు ఆ పని వదిలేసి ఇక్కడే ఉండిపోయింది, పిల్ల పక్కనే పడుకుంది, ఫోను నిలబెట్టి "అక్కా, చూడు చూడు, తింటోంది" అని మొదటి ముద్ద చూపించింది. వార్డులో మంచం మీద పడుకుని ఆమె చూసింది. తెరలో చిన్న నోరు, చెల్లెలి వేళ్ళు, మెత్తగా నలిపిన బంగాళాదుంప. చూసి ఏడ్చింది, చెల్లెలు ఆనందంతో ఏడుస్తోందనుకుంది. ఆనందమేనా? ఆనందమే, పైపైన. కింద ఇంకోటి ఉంది, అప్పుడే మొలకెత్తింది, దానికి ఈ రెండేళ్ళుగా రోజూ మూడు పూటలా ముద్దలు పెట్టి పెంచింది ఎవరో కాదు, తనే.

పెద్దమ్మ అన్న మాట నేర్పింది కింది వాటా ఆవిడ. మంచి మనిషి, చెవుడు, మనుషుల కంటే చుట్టరికాలు ఎక్కువ గుర్తుపెట్టుకునే రకం. కొత్తగా దిగింది, మెట్ల మీద పిల్లనెత్తుకుని చెల్లెలు కనబడింది, తల్లీ బిడ్డా అనుకుంది. ఫోనులో మాటలు సగం విని, "ఎవరమ్మా చేసింది? అక్కా? అక్క అయితే మీ పాపకు పెద్దమ్మ. పెద్దమ్మా అని పిలువమ్మా, ఏదీ, పెద్దమ్మా..." అని పిల్లకు పాఠం చెప్పింది. మాటలు నేర్చే ఈడు, ఏది వింటే అది అతుక్కుపోయే ఈడు. ఇదంతా చెల్లెలే నవ్వుతూ చెప్పింది, జబ్బు నయమై ఇంటికొచ్చిన కొత్తలో, "నేను సరిచేశాను అక్కా, వినలేదు మొండిది" అంటూ. ఎన్నిసార్లు సరిచేశావే? ఒకసారా, పదిసార్లా? సరిచేసేటప్పుడు గొంతు ఎలా పెట్టావు? కాదమ్మా అని పిల్లతో అన్నావా, లేక గాలితో అన్నావా? అమ్మా అని పిల్ల నీ మెడ చుట్టూ చేతులేసి పిలుస్తుంటే, కాదు నేను పిన్నిని అని ఏ ఆడది అంటుంది? నేనైతే అనేదాన్ని కాదు. నేను అనేదాన్ని కాదు కాబట్టే నువ్వూ అనలేదని నాకు తెలుసు. ఈ మాటలన్నీ పళ్ళావిడ చెల్లెలితో ఎన్నోసార్లు అంది, పళ్ళ సెట్టు అరగదీసే మిషను గోల పెడుతున్నప్పుడు, ఎవరికీ వినబడకుండా.

అసలు ఈ పెద్ద అన్న ముక్కే ఆమెకు అచ్చిరాలేదు. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చెల్లెలు పుట్టింది, పుట్టీపుట్టగానే ఈమె పెద్దదైపోయింది. పెద్దదానివి కదా, దానికి ఇచ్చెయ్. పెద్దదానివి కదా, సర్దుకో. ఒళ్ళో చోటు ఇచ్చింది, ఎర్ర గౌను ఇచ్చింది, కిటికీ పక్క సీటు ఇచ్చింది, ఇచ్చి ఇచ్చి చెయ్యి అలవాటుపడిపోయి చివరికి చంకలో పిల్లను కూడా ఇచ్చింది. ఇప్పుడు అమ్మ అన్న మాట కూడా అది తీసుకుని, దానికి ముందు పెద్ద అన్న ముక్క అతికించి, పాత గౌనుకు అతుకేసినట్టు, నాకు తిరిగిచ్చింది. పెద్దమ్మ! దరిద్రం పట్టిన ఇంట్లో పెద్దమ్మ తిష్ఠ వేసింది అంటారు. అదే నయం, ఆవిడనైనా చూసి జనం భయపడతారు. మొగుడితో చెప్పుకుంటే నవ్వాడు. "పిల్ల కడుపు నిండిందా లేదా? ఎవరి చేత్తో తింటే ఏం?" లిఫ్టు మెకానిక్కు ఆయన. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఇరుక్కున్నవాళ్ళను బయటికి లాగడం ఆయన ఉద్యోగం, ఆదివారం అయినా ఫోను రాగానే పరిగెత్తాడు, ఇంట్లో ఇరుక్కున్నదాని గంట మాత్రం ఆయనకు వినబడదు.

తెరలో పెద్ద నీడ పడింది. పిల్లలు లేచాయి. ఒక కొంగ వచ్చి గూటి అంచున నిలబడింది, నల్లటి వీపు ఎండకు ఆకుపచ్చగా మెరిసింది, కాలికి ఉంగరం ఉంది, ఉంగరం ఉన్నది ఆడది. ఆడకొంగ వచ్చింది! పక్కన మాటలు వరదలా పారాయి, వచ్చింది వచ్చింది అని, రాత్రంతా నిద్రపోనాయన ఏకంగా పాటే రాశాడు. పళ్ళావిడ కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు వంగింది. ఇప్పుడు చూడాలి. ఇప్పుడు పొడుస్తాయి. ఇప్పుడు మొహం తిప్పుకుంటాయి. పిల్లలు ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. ఎక్కడికెళ్ళావని అడగలేదు, నువ్వెవరని చూడలేదు, ముక్కు పట్టుకుని లాగాయి, అది వంగింది, కుదిపింది, గుమ్మరించింది, అవి తిన్నాయి. చిన్నది కూడా ఈసారి ఒకటి దక్కించుకుని, తలకంటే పెద్ద చేపతో కుస్తీ పట్టి, మొత్తానికి మింగింది. అంతే. అంత సులువు. నీకు ఏ పూజ ఫలించిందే తల్లీ, ఏ పెద్దమ్మా లేని జాతిలో పుట్టావు, పోయి వచ్చినా పోనట్టే. పళ్ళావిడ కళ్ళు నిండాయి, ఏడుపు కాదు అది, కడుపుమంట కళ్ళదాకా వచ్చింది.

ఈ గూడు ఆమెకు చూపించింది వార్డులో పక్క గదిలో ఉన్న డ్రిల్లు మేష్టారు. అద్దంలోంచి ఫోను ఎత్తి చూపించి, ఏది నొక్కాలో చేతులతో కసరత్తు చేసి మరీ చెప్పాడు. పోయినేడు కూడా ఇవే కొంగలు, ఇదే చెట్టు. రోజూ ఒకే ఫోనులో కూతురు తినడమూ చూసింది, కొంగపిల్లలు తినడమూ చూసింది, కొన్ని రోజులు జ్వరంలో రెండూ కలిసిపోయేవి. పోయినేడు ఒకరోజు ఆడకొంగ, అన్నింటికంటే బక్క పిల్లను మెడ పట్టుకుని ఎత్తి, గూటి బయటికి జారవిడిచింది. లోకమంతా శాపనార్థాలు పెట్టింది. డ్రిల్లు మేష్టారు అద్దం మీద అరచేత్తో కొట్టాడు, "అదేం తల్లమ్మా? రాక్షసి!" అని. పళ్ళావిడ ఆయనతోపాటు తల ఊపింది. లోపల మాత్రం, ఎవరికీ చెప్పని చోట, తోసినా సరే, అది గూట్లో ఉంది కదా అనుకుంది. పట్టుకోవడానికైనా తోయడానికైనా దానికి పిల్ల అందుబాటులో ఉంది కదా అనుకుంది. మనిషి అసూయకు హద్దులుంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

వంటింట్లో మాటలు ఆగాయి. గిన్నెలో చెంచా చప్పుడు. చెల్లెలి సంచి ముందుగదిలో తలుపు పక్కనే ఉంది, పొద్దున్నే సర్దిపెట్టింది, సాయంత్రం బస్సు. వేరే ఊళ్ళో ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని, ఉండటానికి గది కూడా ఇస్తారు. ఆ పని ఊరికే దొరకలేదు. ఆ ప్రెస్సు యజమానికి పై పళ్ళూ కింది పళ్ళూ చేసింది పళ్ళావిడే, ఆమె వెళ్ళి అడిగితే ఆమె చేసిన పళ్ళతోనే నవ్వి సరేనన్నాడు. ఇంటికొచ్చి చెల్లెలితో ఎంత తియ్యగా చెప్పింది! "నీ బతుకు నువ్వు చూసుకోవద్దూ? మా కోసం ఎన్నాళ్ళని ఇలా ఉంటావు?" చెల్లెలు అక్క మొహంలోకి చూసింది, "సరే అక్కా" అంది. ఎందుకు పంపిస్తున్నావని అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడుకునేవాళ్ళు, పోట్లాడుకుంటే ఏదో ఒకటి తేలేది. సరే అనడంలో కూడా అదే గెలిచింది. ఈ పూట దాటితే రాత్రికి పిల్ల ఈ చేతి అన్నమే తినాలి. తినకపోతే? జ్వరమొచ్చేదాకా మొండికేస్తే? అప్పుడు బస్సు వెనక్కి తిప్పమని ఫోను చెయ్యాలా, దాన్నే, నేనే?

చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది.

"అక్కా, రా. సగం మిగిల్చాను. ఇది నువ్వు పెట్టు."

"చూశాంగా, నిన్నా మొన్నా."

"ఇంకోసారి చూద్దాం. నేనుండగా అయితే కొంచెం నయం. రాత్రికి ఏం చేస్తావు మరి?"

"ఆకలేస్తే అదే తింటుంది."

"తినదక్కా. దాని సంగతి నాకు తెలుసు."

దాని సంగతి నీకు తెలుసు. అవునమ్మా, నీకే తెలుసు. పళ్ళావిడ లేచింది, ఇయర్‌ఫోను చెవిలోంచి ఊడి మంచం మీద పడింది, గిన్నె లాక్కున్నట్టే తీసుకుని వంటింట్లోకి నడిచింది. పిల్ల ఎత్తుపీట మీద కూర్చుని కాళ్ళూపుకుంటోంది, గడ్డానికి అన్నం మెతుకు. ఆ మెతుకు తుడవాలనిపించింది, తుడవకుండా నేల మీద కూర్చుంది, ముద్ద కలిపింది, మైనం దిద్దే చెయ్యి, ఎంత చిన్న నోటికి ఎంత ముద్దో చూపుతోనే కొలవగల చెయ్యి, ముద్దను రెండుసార్లు చిదిపి మళ్ళీ కట్టింది. ఆ అను తల్లీ. పిల్ల ముద్దను చూసింది, ఆమెను చూసింది, తలెత్తి వెనక నిలబడ్డ చెల్లెల్ని చూసింది.

"పెద్దమ్మ వద్దు. అమ్మ పెట్టు."

"మీ అమ్మ ఈవిడేనమ్మా," అంది చెల్లెలు. గొంతు గాలితో అన్నట్టు లేదు. "నేను పిన్నిని. చెప్పాను కదా రోజూ. ఏదీ, అమ్మా అను."

పిల్లకు ఇది బొమ్మ గ్లాసా మామూలు గ్లాసా అన్న ఆటలా ఉంది. పకపకా నవ్వింది. "కాదు! నువ్వు అమ్మ. పెద్దమ్మ పెద్దమ్మ!" అని, తన తెలివికి తనే మురిసిపోయి, ఎదురుగా ఉన్న చేతిని రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. ముద్ద వెళ్ళి పళ్ళావిడ మెడ మీద పడింది, మెతుకులు గుండెల మీదుగా ఒళ్ళోకి జారాయి. పిల్ల ఇంకా గట్టిగా నవ్వింది. అప్పుడు చెల్లెలి చెయ్యి లేచింది. పుట్టినప్పటినుంచి ఆ పిల్ల మీద లేవని చెయ్యి. వీపు మీద ఒక్కటి పడింది, చిన్నదే, చప్పుడుకే ఎక్కువ.

నవ్వు తెగిపోయింది. పిల్ల నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు, మొహం ఎర్రబడింది, ఊపిరి ఎక్కడో ఆగింది, ఆ ఆగిన ఊపిరితోనే పీట దిగి, రెండడుగులు తడబడి, మెతుకుల ఒడిలోకి వచ్చి పడింది. అప్పుడు వచ్చింది గొంతు.

"పెద్దమ్మా! అమ్మ కొట్టిందీ!"

పళ్ళావిడ చేతులు వాటంతటవే మూసుకున్నాయి. ఎంత బరువుందో పిల్ల! ఎంత వేడిగా ఉందో! వేళ్ళు ఆమె జాకెట్టు పట్టుకుని వదలడంలేదు, చెమట పట్టిన జుట్టు ఆమె గడ్డం కింద, ఇన్నాళ్ళకు తనంతట తను వచ్చి చేరింది, ఎవరూ ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు. వచ్చింది, నా దగ్గరికే వచ్చింది, చూడవే, చూస్తున్నావా అని చెల్లెలి వైపు తలెత్తింది. చెల్లెలు అటు తిరిగి కుళాయి విప్పింది, కొట్టిన చేతిని నీళ్ళ కింద పెట్టి అలాగే నిలబడింది, కడుక్కోవడం లేదు. పిల్ల వెక్కుతోంది. దెబ్బకు కాదు, అంత చిన్న దెబ్బకు ఎవరూ అంత ఏడవరు. పళ్ళావిడకు అర్థమైంది. ఆ దెబ్బ తను వేసి ఉంటే పిల్ల ఇంతలా ఏడ్చేది కాదు, మూతి ముడుచుకుని వెళ్ళి అమ్మతో చెప్పుకునేది. ఆ ఏడుపు కూడా చెల్లెలిదే. ఇంత కుండెడు ఏడుపు నా ఒళ్ళో పోస్తూ, ఇదీ దానిదే. గుండె మళ్ళీ భగ్గుమంది, మండుతూనే ఉంది, మండుతూనే పిల్ల వీపు నిమిరింది, దెబ్బ పడ్డ చోటు ఎర్రగా అయినా కాలేదు. ఇంత బిడ్డ ఇంతగా కుమిలిపోతుంటే ఎవరైనా ఏం చేస్తారు, నోటికి వచ్చిన మాటేదో అంటారు.

"ఊరుకో నాన్నా, ఊరుకో. ఏం కాలేదు. అమ్మే కదా కొట్టింది."

అన్నాక గాని ఏమన్నదీ ఆమెకు తెలియలేదు. కుళాయి దగ్గర చెల్లెలి భుజాలు ఒక్కసారిగా ఎగిసిపడ్డాయి, కుళాయి మాత్రం కట్టలేదు. మాట వెనక్కి తీసుకోబోయిన పళ్ళావిడ గిన్నెలో మిగిలింది వేళ్ళతో దగ్గరికి తీసి చిన్న ముద్ద చేసింది. పిల్ల వెక్కుతూనే, కళ్ళు కుళాయి దగ్గరి అమ్మ వైపు పెట్టుకుని, నోరు తెరిచింది.